ఎడమ వెనక చక్రం

ఆ రోజుల్లో ఒక వస్తువు వెతకడమంటే కాళ్ళతో వెతకడమే. ఇప్పుడు మంచం మీద పడుకుని బొటనవేలితో నాలుగు నొక్కులు నొక్కితే ఏ దేశపు బోల్టయినా గుమ్మంలోకొచ్చి సంతకం పెట్టమంటోంది. అప్పట్లో అదే బోల్టు కోసం బస్సెక్కి, దిగి, ఇల్లు వాకబు చేసి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాఫీ తాగి, వాళ్ళ మేనత్త మనకి ఏ వరసో తేల్చుకుని, భోజనానికి లేవమంటే వద్దని రెండుసార్లు అని మూడోసారి లేచి, చెయ్యి కడుక్కున్నాక గానీ "ఇంతకీ వచ్చిన పనేంటండీ" అనే మాట వచ్చేది కాదు. మా గోదావరి వైపు వచ్చీ రాగానే పని చెప్పేవాణ్ణి మనిషి కింద లెక్కెయ్యరు. పోనీ తిన్నాక చెబుదామంటే, ఉప్పు తిన్న ఇంట్లో వస్తువు అడగడానికి నోరు రాదు. ఈ రెండింటి మధ్యా నలిగి, ఇరవై మూడో ఏట నేను ఎంత బరువు పెరిగానో, ఎంత పరువు పోగొట్టుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దలు ఓ సామెత చెప్పారు. అది ఇక్కడ రాయదగ్గది కాదు గానీ మీ అందరికీ తెలుసు.

కాకినాడలో మూడేళ్ళ ఆటోమొబైల్ డిప్లొమాని నాలుగేళ్ళు చదివి (నాలుగో ఏడు పూర్తిగా లెక్కల పేపరుకే కేటాయించాను) ఇంటికొచ్చిన కొత్తలో, రావులపాలెం వెళ్ళే రోడ్డు పక్కన మా కొబ్బరిచెట్ల మధ్య ఓ రేకుల షెడ్డు వేశాను. ముందు బోర్డు రాయించాను, తరవాత పానాలు కొన్నాను. ఆ వరసలోనే నా వ్యాపార జ్ఞానం అంతా ఉంది. మొదటి నాలుగు నెలల్లో షెడ్డుకి వచ్చినవి రెండు మోపెడ్లు, చేలో మందు కొట్టే ఓ పంపు, పక్కింటి పిన్నిగారి మిక్సీ. మిక్సీ నా చదువులో లేదని చెప్పడానికి మొహమాటపడి విప్పాను. మళ్ళీ బిగించాక అందులో ఏది వేసినా పచ్చడే అయ్యేది, కాఫీగింజలతో సహా. ఎరువుల కొట్టు నడిపే మా నాన్నగారు ఇదంతా చూస్తూ ఊరుకున్నారు. ఊరుకున్నారంటే మరీ ఊరుకోలేదు. రోజూ సాయంత్రం షెడ్డు ముందు స్కూటరాపి, దిగకుండా, "ఇవాళెన్ని లార్లొచ్చాయి ఇంజనీరు గారూ?" అని అడిగి వెళ్ళిపోయేవారు.

దసరా వెళ్ళాక ఓ రోజు మాత్రం దిగారు. నన్ను మా పశువుల పాక వెనక్కి తీసుకెళ్ళి, కొబ్బరి మట్టల కుప్ప మీద కర్రతో కొట్టారు. లోపల ఇనుము మోగింది. అది మా తాతయ్య మిలటరీ వేలంలో కొన్న లారీ. ఎప్పుడో పెద్ద యుద్ధం కోసం తయారై, యుద్ధమయ్యాక మా ఊరొచ్చి, గోదావరి మధ్య లంకలో అరటిగెలలు మోసి, నేను పుట్టకముందే ఆగిపోయింది. "ఇది మామూలు లారీ కాదు నాన్నగారూ, ఫోర్‌వీల్ డ్రైవు. నాలుగు చక్రాలూ తిరుగుతాయి" అన్నాను నా చదువంతా ఉపయోగించి. "నాలుగు చక్రాలూ తిరక్కపోతే దాన్ని లారీ అని ఎందుకంటార్రా?" అన్నారాయన. ఇంజను బలం వెనక చక్రాలకే కాకుండా ముందు చక్రాలకి కూడా వెళ్తుందనీ, అందువల్ల ఇసకలో దిగబడకుండా లాక్కొస్తుందనీ వివరించాను. గోదావరి తగ్గాక మా లంక భూమికీ గట్టుకీ మధ్య అరమైలు ఇసక తేలుతుంది. మామూలు లారీ అందులో దిగితే ఎడ్లొచ్చి ఈడవాలి. ఆయన అంతా విని తేల్చేశారు: "మాఘమాసంలో గెలలు కోతకొస్తాయి. ఆలోగా ఇది ఇసక దాటి గెలలు తెచ్చిందా, షెడ్డు నీది. తేలేదా, ఆ మర్నాటి నుంచీ కొట్లో నా పక్కన కూర్చో. బోర్డు మాత్రం పారెయ్యకు, వెనకవైపు 'యూరియా లేదు' అని రాయించుకోవచ్చు."

నాకు ఎరువుల కొట్టంటే చిన్నప్పట్నించీ భయం. ఆ బస్తాల వాసనకి కళ్ళు మండుతాయి. దానికంటే పెద్ద భయం ఏంటంటే, అందులో కూర్చున్న ప్రతివాడూ పదేళ్ళకి మా నాన్నగారిలా మాట్లాడటం మొదలెడతాడు. అందుకని ఆ రోజే మట్టలు తీసేశాను. తీసి చూస్తే లారీలో ఇంజనుంది, చట్రం ఉంది, నాలుగు చక్రాల్లో మూడున్నాయి. మిగతాది లేదు. స్టీరింగు లేదు, హెడ్‌లైట్లు లేవు, సైలెన్సరు లేదు, డ్రైవరు కూర్చునే సీటు లేదు. దొంగలెత్తుకుపోయారేమో అనుకుని తాతయ్యనడిగితే, ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండా, "దొంగలెందుకురా, నేనే ఇచ్చాను. అడిగారు, ఇచ్చాను" అన్నారు. మా తాతయ్యకి కాదనడం రాదు. ఆగిపోయిన లారీ చుట్టూ తిరుగుతూ ఎవరైనా ఓ ముక్కకేసి కాస్త ఎక్కువసేపు చూస్తే చాలు, పాలేర్ని పిలిచి విప్పించేసేవారట.

అయితే ఎవరికేది ఇచ్చారో ఆయనకి పేర్లతో గుర్తుండదు, భోజనాలతో గుర్తుంటుంది. "స్టీరింగా… పనసపొట్టు కూర. పెనుగొండలో, అమ్మవారి గుడి వెనక వీధి. ఆవ కొంచెం ఎక్కువ పడింది" అనేవారు కళ్ళు మూసుకుని. ఆ ఆవ ఘాటు పట్టుకుని నేను పెనుగొండ వెళ్ళాను. స్టీరింగు దొరికింది. వాళ్ళింట్లో దూలానికి మూడు తాళ్ళతో వేలాడదీసి, మధ్యలో పెరుగు కుండ పెట్టారు. ముప్ఫై ఏళ్ళుగా అది ఆ ఇంటి ఉట్టి. అది అడగడానికి నాకు మూడు భోజనాలు పట్టింది. మూడో భోజనంలో ఆ ఇంటి మామ్మగారు పెరుగు వడ్డించడానికి ఉట్టి దించబోతే, "నేను దించుతానుండండి" అని లేచి, అలవాటు కొద్దీ రెండు చేతులతో పట్టుకుని ఎడమవైపు తిప్పాను. కుండ కుడివైపు ఒరిగి నా నెత్తి మీద పడింది. ఆవిడ జాలిపడి, "ఇది కావాలని మొదటి రోజే చెప్పొచ్చుగా నాయనా" అని ఇచ్చేశారు. హెడ్‌లైట్ల డొప్పలు కడియంలో ఓ నర్సరీలో దొరికాయి, రెండిట్లోనూ మొక్కలతో. "మొగ్గేసిందండి, ఇప్పుడు కదిపితే చచ్చిపోద్ది. పూసెళ్ళిపోయాక పట్టుకెళ్ళండి" అన్నాడు నర్సరీ ఆయన. పువ్వు కోసం ఇరవై రోజులు ఆగిన మెకానిక్కు ఈ ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అలా తిని, తిరిగి, బతిమాలి డిసెంబరు నాటికి దాదాపు అన్నీ పోగేశాను. సీటూ సైలెన్సరూ దొరక్కపోయినా బండి నడుస్తుంది గానీ, లేందే కదలనిది ఒక్కటి మిగిలింది. ఎడమ వెనక చక్రం తాలూకు బ్రేకు డ్రమ్ము. (డ్రమ్మంటే వాయించేది కాదు. చక్రం లోపల గంపలా బోర్లించి ఉండే బరువైన ఇనప డొప్ప. బ్రేకు తొక్కితే లోపలి పట్టీలు దీన్ని ఒరుసుకుని చక్రాన్ని ఆపుతాయి. చక్రం బోల్టులు కూడా దీనికే ఉంటాయి. అది లేకపోతే ఆగడం సంగతి అటుంచి, చక్రమే ఎక్కదు.) ఆ మోడల్ది రాజమండ్రి పాత ఇనప కొట్లలో లేదు. విజయవాడలో లేదు. ఓ కొట్టాయన దాని కొలతలు విని, "ఈ బండి నడిపినోళ్ళే లేరండి, డ్రమ్మెక్కడ్నుంచొస్తుంది?" అన్నాడు. కొత్తది పోత పోయిద్దామంటే, ఒక్కటి పొయ్యం, వందకి ఆర్డరివ్వమన్నారు. వంద ఎడమ వెనక చక్రాలు నేనేం చేసుకోను? తాతయ్యని ఎంత అడిగినా గుర్తు రాలేదు. నుదురు రుద్దుకుని, పెదవులు చప్పరించి, చివరికి చాలా బాధగా చెప్పారు: "ఆ రోజు వాళ్ళేమీ పెట్టినట్టు లేదురా."

లారీ ఓ పక్క తాటి మొద్దు మీద ఆనుకుని అలాగే ఉండిపోయింది. నాన్నగారు సాయంత్రం స్కూటరాపి, "మూడు చక్రాలూ తిరుగుతున్నాయా?" అని అడిగి వెళ్ళడం మొదలెట్టారు. ఓ బుధవారం పొద్దున్న, కుడి వెనక డ్రమ్మయినా విప్పి కొలతలు సరిగ్గా రాసుకుందామని తీశాను. తాడు కట్టి పాక దూలానికి వేలాడదీసి, తుప్పు రాలడానికి సుత్తితో ఒక్కటిచ్చాను. ణంగుమంటూ ఓ మోత లేచి, కొబ్బరిచెట్ల మధ్య నుంచి చేల మీదకి వెళ్ళి, చాలాసేపటి దాకా ఆగలేదు. వంటింట్లోంచి అమ్మ కేకేసింది: "ఒరేయ్, ఇవాళ బుధవారం కదా, చర్చి గంట కొట్టారేంటి?" నేను సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పుట్టిన దగ్గర్నించీ ప్రతి ఆదివారం ఆ గంట వింటున్నాను. అదెలా ఉంటుందో ఏనాడూ తలెత్తి చూడలేదు. పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఆదివారం స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని చర్చికెళ్ళాను. గుమ్మం పక్కన ఇనప స్తంభానికి గొలుసుతో వేలాడుతోంది నా ఎడమ వెనక చక్రం. ఏళ్ళ తరబడి దెబ్బలు తిని ఓ పక్క నున్నగా మెరుస్తోంది. నేను దానికేసి అలా చూస్తూ నిలబడ్డాను. ఆ చూపులో ఎంత భక్తి ఉందో నాకు తెలీదు. పాస్టరు గారు, తెల్లటి మనిషి, తెల్లటి పంచె, బయటికొచ్చి నా భుజం మీద చెయ్యేసి, "లోపలికి రండి బాబు, బయటే ఉండిపోయారేంటి" అన్నారు. వచ్చీ రాగానే పని చెప్పకూడదు కదా, వెళ్ళి రెండో వరసలో కూర్చున్నాను. ఆరాధనయ్యాక చెబుదామనుకుంటే టీ ఇచ్చారు. టీ తాగినచోట గంట ఊడదీసి ఇమ్మని ఎలా అడగను? రెండో ఆదివారం వెళ్తే నాకోసం పాటల పుస్తకం అట్టేసి ఉంచారు. వెనక వరసలో ఓ ముసలావిడ నా కోసం కళ్ళు తుడుచుకుంటూ ప్రార్థన చేసింది. నా బాధ డ్రమ్ము గురించని ఆవిడకెలా చెప్పను? అప్పటికే నిండా మునిగాను.

మూడో ఆదివారం ఓ ఉపాయం ఆలోచించాను. అడగడం తరవాత సంగతి, ముందు కొలతలు సరిపోతాయో లేదో చూసుకుందాం అని జేబులో టేపు పెట్టుకెళ్ళాను. సుదీర్ఘ ప్రార్థన మొదలై అందరూ కళ్ళు మూసుకోగానే చల్లగా బయటికి జారుకుని, గంట కింద గొంతుక్కూర్చుని టేపు లాగాను. అడ్డం సరిపోయింది. బోల్టు కంతలు ఆరూ సరిపోయాయి. సంతోషం పట్టలేక లేచాను. నా నెత్తి వెళ్ళి డ్రమ్ముకి కొట్టుకుంది. ప్రార్థన మధ్యలో ణంగుమని గంట మోగింది. లోపలున్నవాళ్ళందరూ కళ్ళు తెరిచి గుమ్మంకేసి చూశారు. అక్కడ నేను, నెత్తి పట్టుకుని, కళ్ళలో నీళ్ళతో. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చినవాడు గంటాయన. కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరైనవాడు, ముప్ఫై ఏళ్ళుగా ఆ గంటని ఇంకొకళ్ళ చేత ముట్టుకోనివ్వని మనిషి. "ఎవరండీ నా గంట కొట్టింది?" అన్నాడు. పాస్టరు గారు ఆయన్ని వారించి, నా దగ్గరకొచ్చి మెల్లిగా అడిగారు: "కొట్టాలని మీ మనసుకి అనిపించిందా బాబు?" "అనిపించిందండి" అన్నాను.

ఆ కబురు నాకంటే ముందు ఇంటికెళ్ళింది. మా అమ్మ ఏడవలేదు, అరవలేదు. అన్నం వడ్డిస్తూ, "ఆదివారం ఒక్కపూటేనా, మిగతా రోజులు కూడా వెళ్ళాలా? ఉపవాసాలెప్పుడో ముందు చెబితే వంట చూసుకుంటాను" అంది. నాన్నగారు మజ్జిగ పోసుకుంటూ, "ఎరువుల కొట్టు తప్పించుకోడానికి అంత దూరం వెళ్ళక్కర్లేదురా. ఇష్టం లేదంటే సరిపోయేది" అన్నారు. ఇష్టం లేదని ఆరేడు నెలలుగా షెడ్డేసుకుని మరీ చెబుతున్నాను కదా అనుకున్నాను. పైకి మాత్రం కూర బాగుందన్నాను. ఆ సాయంత్రం పాస్టరు గారు, గంటాయన మా ఇంటికొచ్చారు. పెద్దలతో మాట్లాడకుండా పిల్లాడి విషయంలో అడుగు ముందుకెయ్యడం మర్యాద కాదని పాస్టరు గారి ఉద్దేశం. ఎంత పెద్దమనిషో చూడండి. కానీ ఆయనదీ మా జిల్లాయే, వచ్చీ రాగానే విషయం చెప్పలేరు. వానల గురించి మాట్లాడారు, కొబ్బరికాయ ధర గురించి మాట్లాడారు. మా అమ్మ గుత్తివంకాయ కూరతో భోజనం పెట్టేసింది. తిన్నాక ఆయనకసలే నోరు రాలేదు. నేను తలుపు పక్కన నిలబడి ఆయన నోటికేసే చూస్తున్నాను.

గంటాయన చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకెళ్ళి, పాకలో వేలాడుతున్న కుడి డ్రమ్ముని చూశాడు. దగ్గరకెళ్ళి వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, చెవి పెట్టి విన్నాడు. తరవాత లారీకేసి చూశాడు, తాటి మొద్దుకేసి చూశాడు, నాకేసి చూశాడు. "అయ్యగారూ, ఓసారిలా రండి" అని పిలిచాడు. "మన గంటకి ఇది కవల పిల్లండి. ఈ అబ్బాయి గారు మన దగ్గరికి దేవుడి కోసం రాలేదండి. చక్రం కోసం వచ్చారు." ఇంక దాచేదేముంది. నేల చూస్తూ మొత్తం చెప్పేశాను, టేపుతో సహా. పాస్టరు గారు అరుగు మీద కూలబడి కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. నవ్వీ నవ్వీ, "మూడు వారాల్నించీ సంఘమంతా మీ కోసం ప్రార్థన చేస్తోంది బాబు. డ్రమ్ము కోసమని చెప్పుంటే దానికోసమే చేసేవాళ్ళం కదా" అన్నారు. అప్పుడు పడక్కుర్చీలోంచి తాతయ్య గొంతు వినపడింది: "ఆ డ్రమ్మిచ్చిన రోజు మీరు నాకేం పెట్టలేదండీ." గంటాయన నొచ్చుకుని, "అది గుడ్‌ఫ్రైడే అండి. మేమే ఉపవాసం, తవరికేం పెడతామండి?" అన్నాడు. తాతయ్య మొహం ముప్ఫై ఏళ్ళ లెక్క తేలినట్టు విప్పారింది.

పాస్టరు గారికి ఇవ్వడానికి అభ్యంతరం లేదు. గంటాయనకుంది. ఆయన గట్టిగా ఏమీ అనలేదు. "తవరి వస్తువేనండి, పట్టుకెళ్ళండి. నేను మాత్రం ఆదివారం పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో చెప్పండి" అన్నాడు, అంతే. ఆ మాటకి నాకు నిజంగా సిగ్గేసింది. నా షెడ్డు కోసం ఆయన పని ఊడబీకుతున్నాను. అందుకని దానికి బదులుగా మోగే ఇనుము కోసం మళ్ళీ ఊళ్ళు పట్టుకు తిరిగాను. రైలు పట్టా ముక్క తెచ్చాను. మామూలు లారీ డ్రమ్ము తెచ్చాను. రైసుమిల్లు చక్రం తెచ్చాను. ఆయన ఒక్కోదాన్నీ శ్రద్ధగా వేలాడదీసి, సుత్తితో కొట్టి, కళ్ళు మూసుకుని విని తీర్పు చెప్పేవాడు. "ఇది అరుస్తోందండి." "ఇది దగ్గుతోందండి." రైసుమిల్లు చక్రం విన్నాక సుత్తి కింద పెట్టేసి, "దీనికి మనసులేదండి" అన్నాడు. క్రిస్మస్ వెళ్ళింది, కొత్త సంవత్సరం వచ్చింది, లంకలో గెలలు బలుస్తున్నాయని నాన్నగారు రోజూ భోజనాల దగ్గర గుర్తు చేస్తున్నారు.

చివరికి పాస్టరు గారే మార్గం చెప్పారు. గంట చర్చిదే. లారీకి అరువు. ప్రతి ఆదివారం పొద్దున్న ఆరు కాకుండానే లారీ చర్చి ముందుకు రావాలి. నేను జాకీ ఎత్తి, చక్రం తీసి, డ్రమ్ము విప్పి స్తంభానికి తగిలించాలి. గంటాయన కొట్టాలి. కొట్టాక నేను మళ్ళీ బిగించుకుని వెళ్ళిపోవాలి. ఇలాంటి ఒప్పందం ఏ దేశంలోనూ, ఏ మెకానిక్కూ, ఏ చర్చితోనూ చేసుకుని ఉండడు. అందరూ దానికి ఒప్పుకోవడం ఇంకా విచిత్రం. పాస్టరు గారు ఆ మధ్యాహ్నం తాతయ్యని పిలిపించి, ఈసారి మర్చిపోకుండా ఉండాలని భోజనం పెట్టారు. (కోడి కూర. బ్రేకు డ్రమ్ము అంటే ఆయనకి చివరిదాకా కోడి కూరే.)

మాఘంలో ఓ ఆదివారం అర్ధరాత్రి దాటగానే లాంతర్ల వెలుగులో గెలలు కోశారు. కావాలనే ఆ రోజు పెట్టారో, మార్కెట్టు కోసం పెట్టారో నాన్నగారికే తెలియాలి. ముందురోజు సాయంత్రం ఖాళీ లారీ లంకలోకి బాగానే వెళ్ళింది. నిండా గెలలతో తిరిగి రావడమే అసలు పరీక్ష. నాన్నగారు నా పక్కన కూర్చున్నారు. సీటు దొరకలేదు కాబట్టి ఇద్దరం యూరియా బస్తాల మీదే కూర్చున్నాం. ఆయన ఆ విషయం గమనించి కూడా ఏమీ అనలేదంటే ఎంత భయపడ్డారో అర్థం చేసుకోవచ్చు. ఇసక మధ్యలో వెనక చక్రాలు దిగబడ్డాయి. లారీ ఆగింది. నాన్నగారు గట్టుకేసి చూసి, "ఎడ్లని పిలిపించనా?" అన్నారు. ముందు చక్రాలకి బలం ఇచ్చే రాడ్డు రెండు చేతులతో లాగాను. లోపల ఏదో కరకరలాడి పట్టుకుంది. లారీ ఒక్కసారి వణికి, ముక్కు పైకెత్తి, నాలుగు చక్రాలతో ఇసక తవ్వుకుంటూ గట్టెక్కింది. ఆ రొద చెప్పనలవి కాదు, సైలెన్సరు లేదుగా. (దాన్ని తాతయ్య ఎవరికిచ్చారో ఇప్పటికీ తెలీదు. వాళ్ళు కూడా ఏమీ పెట్టలేదన్నమాట.)

గట్టెక్కాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపు రావులపాలెం మార్కెట్టు, ఎడమవైపు ఊరు, చర్చి. "తిన్నగా మార్కెట్టుకి పోనీ. ఆలస్యమైతే వేలంపాటైపోతుంది" అన్నారు నాన్నగారు. "మాటిచ్చాను నాన్నగారూ" అన్నాను. "గెలలతోనా?" అన్నారు. నేను స్టీరింగు ఎడమకి తిప్పాను. ఆయనకి కోపమొచ్చి షెడ్డు పోతే పోయిందనుకున్నాను. జీవితంలో మొదటిసారి మొహమాటపడకుండా ఓ మనిషికి ఎదురుచెప్పింది అప్పుడే. అదీ ఇంకో మనిషి దగ్గర మొహమాటంతో.

చర్చి దగ్గరకెళ్ళేసరికి జనమంతా వచ్చేసి ఉన్నారు. మంచి బట్టలు కట్టుకుని, పుస్తకాలు పట్టుకుని, గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. ఖాళీ స్తంభం పక్కన గంటాయన సుత్తి పట్టుకుని, "నేనింకా కొట్టందే ఎందుకొచ్చారండీ అందరూ?" అని ఒక్కొక్కళ్ళనీ అడుగుతున్నాడు. ఓ ముసలావిడ, నా కోసం ఏడ్చి ప్రార్థన చేసిందే, ఆవిడే, "గంట గోదార్లోంచి లేచి వస్తుంటే వినబడిందయ్యా. లేచి తయారయ్యాం" అంది. లారీ మోతే వాళ్ళకి గంట. గంటాయన మొహం వాడిపోయింది. సుత్తి స్తంభానికి ఆనించి, "ఇంక విప్పడం ఎందుకండి, అందరూ వచ్చేశారు. తవరు మార్కెట్టుకి వెళ్ళిపోండి" అన్నాడు. నిజానికి ఆయన చెప్పింది సబబే. వెళ్ళిపోతే పాట అందేది.

అప్పుడు మా నాన్నగారు దిగారు. పంచె ఎగ్గట్టి, జాకీ తీసి, నేనేదో అనేలోపు ఎడమ వెనక చక్రం దగ్గర కూర్చున్నారు. "పానా ఇటివ్వు" అన్నారు. ఆయన నా పానా ముట్టుకోవడం అదే మొదలు. ఇద్దరం కలిసి నిండు బరువుతో ఉన్న లారీని ఎత్తి, చక్రం తీసి, డ్రమ్ము విప్పాం. ఇసకలో నలిగి కాలిపోతోంది. నాన్నగారు పైపంచెతో పట్టుకుని మోసుకెళ్ళి స్తంభానికి తగిలించి, గంటాయనతో, "కానివ్వండి" అన్నారు. అందరూ వచ్చేశాక, ఎవర్నీ పిలవక్కర్లేకుండా, ఆయన ఒక్కసారి కొట్టాడు. అంత బాగా అది ఎప్పుడూ మోగలేదని నాకనిపించింది. మార్కెట్టుకెళ్ళేసరికి పాట అయిపోయింది, మిగిలినవాళ్ళకి అడిగినంతకి ఇచ్చేశాం. తిరిగి వచ్చేటప్పుడు నాన్నగారు బస్తా మీద సర్దుకుని కూర్చుని, "రేపట్నుంచి కొట్లో కూర్చోడానికి ఎవణ్ణయినా చూడాలి" అన్నారు. షెడ్డు నీదేరా అని చెప్పడం ఆయనకి రాదు. నాకు అర్థమైంది, అది చాలు.

ఆ తరవాత తొమ్మిదేళ్ళు ప్రతి ఆదివారం చక్రం విప్పాను, బిగించాను. నా పెళ్ళి మర్నాడు ఆదివారం పడితే, పసుపు బట్టలతోనే వెళ్ళి విప్పాను. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ ప్రస్తావిస్తూ ఉంటుంది. షెడ్డుకి పని రావడం మొదలైంది, "గంట మెకానిక్కు" అంటే చుట్టుపక్కల ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. తరవాత లంకలోకి ట్రాక్టర్లు వచ్చాయి, లారీ ముసలిదైంది. దాన్ని ఆపేసిన వారం నేనే డ్రమ్ము తీసి, తుడిచి, స్తంభానికి మళ్ళీ గొలుసుతో తగిలించాను. గంటాయనకప్పటికి నడవడం కష్టం. కుర్చీలో తీసుకొచ్చారు. కూర్చునే కొట్టాడు. కళ్ళు మూసుకుని విని, "అరిగిందండి. గొంతు మారింది" అన్నాడు. నేను కంగారుపడి క్షమించమన్నాను. ఆయన తలూపి, "ఫర్వాలేదండి. పని చేసినోళ్ళ గొంతు అలాగే ఉంటది" అన్నాడు.

ఇప్పుడు గంటాయన లేడు, తాతయ్య లేరు, నాన్నగారి కొట్టు ఇంకొకళ్ళు నడుపుతున్నారు. బోర్డు వెలిసిపోయినా నా షెడ్డుంది. ఆదివారం పొద్దున్న నేను కాఫీ తాగుతూ అరుగు మీద కూర్చుంటాను, ఎవరూ నన్ను ఎక్కడికీ రమ్మనరు. ఆరింటికి ఆ అరిగిన గొంతుతో గంట మోగుతుంది. అది వినగానే నా కుడికాలు, నాతో ఓ మాటయినా చెప్పకుండా, నేల మీద లేని బ్రేకుని గట్టిగా తొక్కుతుంది.